ఖాకీ ఉతకని రేవు

ఆ రేవులో ఉతికేవాళ్ళందరికీ ఆమె గంజి పెద్దమ్మ. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా, లోపల మనిషి లేకపోయినా తనంతట తాను నిలబడి సలాం కొడుతుందని ఊళ్ళో ఒక మాట. చొక్కా సంగతి నాకు తెలుసు, లోపలి మనిషి సంగతే నమ్మకం లేదని ఆమె జవాబు.

రేవు మెట్లెక్కితే ఇల్లు. ముందు గది నిండా ఒక పొడుగాటి బల్ల, దానిమీద కాలిన మచ్చల కంబళి, ఒక మూల బొగ్గుల గంప, గోడకు ఆనించి రెండు ఇస్త్రీపెట్టెలు. గది పైకప్పు కింద తాళ్ళు, తాళ్ళకు ఊరి బట్టలు. తలవంచుకోకుండా ఆ గదిలో నడిచినవాడు లేడు. దొరల బంగళా నుంచి వచ్చిన బంట్రోతైనా సరే, ఎవరి లంగా కిందనుంచో వంగి రావలసిందే. వెనక గదిలో వంట, పడక, మాట, పోట్లాట అన్నీ. పోట్లాటకు తోడు ఆడపడుచు ఉండేది. మొగుణ్ణి ఆమే వదిలేసి వచ్చిందో, మొగుడే ఆమెను వదిలేశాడో, అది ఆమె చెప్పే రోజును బట్టి మారుతుండేది. పొద్దున ఆమె చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి ఊరు దాటిపోయేది కాబట్టి అందరూ ఆమెను టముకు అనేవారు. ఆ పేరుకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి తీరిక ఉండాలి కదా.

పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. మొగుడు పోయాక వాడిని బండ మీద కూర్చోబెట్టుకుని బట్టలుతికి పెంచింది. వాడు పోలీసు జవాను. ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. ఎవరి గుమ్మంలోనూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, పోలీసు లైన్ల దొరకు బట్టలు తీసుకుపోయిన ఒక రోజు మాత్రం మెట్ల కింద నిలబడి అడిగింది. దొర ఆ రోజు తన చొక్కా మడత చూసుకుని మురిసిపోతున్నాడో ఏమో, సరే అన్నాడు. అప్పటినుంచి కొడుకు ఖాకీ మీద ఆమె చెయ్యి వేరుగా ఉండేది. నిక్కరు మడత మీద వేలు పెడితే తెగుతుందనేవారు. పోలీసు లైన్లలో వాడికి ఒక గది ఇచ్చారు. కోడలు కాపురానికి వచ్చింది, నీళ్ళోసుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. పెద్దమ్మకు ఆ ఖాకీ చొక్కా కూడా ముద్దే.

అలాంటి మనిషి ఖాకీ ఉతకనని ఎందుకంది?

అప్పటికి ఊరు చాలా రోజులుగా ఉడుకుతోంది. దేశం పరాయి దొరలది. పన్ను వాళ్ళది, కోర్టు వాళ్ళది, ఆఖరికి రోడ్డు మీద ఎంతమంది కలిసి నడవాలో కూడా వాళ్ళదే మాట. దానికి జనం కనిపెట్టిన జవాబు నడవడమే. వారం వారం కచేరీ దాకా నడిచేవారు. చేతిలో కర్ర లేదు, నోట్లో తిట్టు లేదు. కొడితే కింద కూర్చునేవారు, లాగితే లేచేవారు, వదిలితే మళ్ళీ నడిచేవారు. మొదట్లో పెద్దమ్మ దాన్ని వెక్కిరించింది. తన్నులు తినడానికి ఇంత ముస్తాబు ఎందుకని, నడకకు ముందు రోజు తెల్ల చొక్కాలు తెచ్చి ఇస్త్రీకి ఇచ్చే బడిపంతులును అడిగింది. పంతులు నవ్వాడు. మురికి బట్టలతో పోతే అల్లరిమూక అంటారమ్మా, అందుకే తెల్లవి అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. పైకి మాత్రం, మీ సంగతేమో గానీ నాకు పని పెరిగిందని గొణిగింది.

ఒక నడక మర్నాడు రేవుకు రెండు మూటలు వచ్చాయి. ఒకటి ఊళ్ళోది, ఒకటి లైన్లది. ఊరి మూటలో పంతులు చొక్కా ఉంది, మెడ నుంచి నడుము దాకా నెత్తురు ఎండి అట్టకట్టింది. నెత్తుటి మరక వేడినీళ్ళలో పడితే బట్టకు అంటుకుపోతుంది, చన్నీళ్ళలోనే నానాలి. ఆమె చన్నీళ్ళ తొట్టిలో దాన్ని వేసి, లైన్ల మూట విప్పింది. ఖాకీ చొక్కాల కుడి చేతుల మీద చుక్కలు చుక్కలుగా మరకలు. ఒక్క చొక్కా మీద కూడా చిరుగు లేదు. వేసుకున్నవాళ్ళది కాదు ఆ నెత్తురు. వాటినీ అదే తొట్టిలో వేయాలి. పని ప్రకారం అంతే. ఆమె ఆ చొక్కాలు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఒక చొక్కా కాలరు లోపల కొడుకు గుర్తు ఉంది, తను వేసిందే. ఆ చెయ్యి మీద మరక ఉందా లేదా అని తిప్పి చూడలేదు. చూడలేదని ఆమె తర్వాత కూడా చెప్పేది, ఎవరూ రెట్టించి అడగలేదు.

మూట మళ్ళీ కట్టేసింది. తీసుకున్న మూట ఉతకకుండా తిరిగివ్వడం ఆమె బతుకులో అదే మొదలు. "ఇకనుంచి ఈ రేవులో ఖాకీ ఉతకం" అంది. ఎవర్నీ అడగలేదు, సభ పెట్టలేదు. పక్క బండవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేవుకు పెద్ద మూట లైన్లదే, అందరి పొయ్యి కింద అదే మంట. అయినా పెద్దమ్మ కాదన్న బట్ట మేము ఉతికితే రేపు మా మొహం ఏ నీళ్ళతో కడుక్కోవాలని ఒక ముసలాయన అన్నాక, మిగిలినవాళ్ళూ మూటలు కట్టేశారు.

నడక నడిపించేవాళ్ళకు ఈ సంగతి తెలిసి, ఉద్యోగం మానేసి వాళ్ళలో చేరిన ఒక గుమాస్తా పరుగున వచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. రేవంతటికీ ఒకే మాట ఉండాలన్నాడు. కూర్చుని మాట్లాడుకున్నారు. ఖాకీ గుడ్డ ముట్టకూడదు, కానీ జవాన్ల ఇళ్ళలో ఆడవాళ్ళవీ పిల్లలవీ ఉతకాలి, పెళ్ళాం బిడ్డలు ఎవరినీ కొట్టలేదు గదా. ఇది పెద్దమ్మ పెట్టిన షరతు. గుమాస్తా ఒప్పుకున్నాడు.

తర్వాత లైన్లలో జరిగింది చూసి ఊరు నవ్వుకుంది. జవాన్లు తామే ఉతుక్కోవాలని చూశారు. ఒకడు చవుడు ఎక్కువేసి చొక్కాను పాలిపోయిన పాచి రంగుకు తెచ్చాడు. ఇంకొకడు నిక్కరు ఉడకబెడితే అది వాడి తమ్ముడికి సరిపోయేలా తయారైంది. మిగిలినవాళ్ళు ఉతకడం మానేశారు. ఎండాకాలం. వరుసలో నిలబడితే గాలివాటు చూసుకుని నిలబడాల్సి వచ్చేది. పోలీసులొస్తున్నారని ఇప్పుడు ముక్కే చెబుతోందని టముకు ఊరంతా చాటింది.

నవ్వు ఎన్నాళ్ళుంటుంది? పైనుంచి పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. లైన్ల దొర పెద్దమ్మ కొడుకును పిలిచాడు. రేవు నీ తల్లి చెప్పుచేతల్లో ఉంది, తనిఖీ నాటికి ఉతుకుడు మొదలవ్వాలి, కనీసం నీ ఒంటిమీదైనా శుభ్రమైన ఖాకీ కనబడాలి, లేదంటే ఉద్యోగమూ లేదు గదీ లేదన్నాడు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఊరి గొడవంతా తిరిగి తిరిగి ఆ ఒక్క ఇంటి మీద పడింది.

కొడుకు వచ్చాడు. తాళ్ళ కింద వంగి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. కోడలికి నెలలు నిండాయి, ఏ క్షణమైనా నొప్పులు రావచ్చు, ఇప్పుడు గది ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామన్నాడు. అంతా విని, పెద్దమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"నీ లుంగీ తే, నీ బనియను తే, నీ దుప్పటి తే. నిన్ను కన్నాను కాబట్టి ఉతుకుతాను. అది మాత్రం తేకు."

"ఆ ఉద్యోగం నువ్వే కదమ్మా అడిగి ఇప్పించావు?"

"అవున్రా. అడిగినప్పుడు వీపులు పగలగొట్టే పనని వాళ్ళు చెప్పలేదు. నాకూ తెలియలేదు."

"నేను ఎవర్నీ గట్టిగా కొట్టలేదు."

ఆమె మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. వాడు తలదించుకుని వెళ్ళిపోయాడు. వదినా, నీకు గుండె ఉందా, బండ ఉందా అని టముకు అడిగింది. రెండూ ఉన్నాయి, ఏది కావాలో చెప్పమంది పెద్దమ్మ. ఆ పూట మాత్రం ఆమె అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది.

కోడలు ఆడపిల్లను కన్నది. పెద్దమ్మ వెళ్ళి చూసింది, బిడ్డ ముక్కు తనదేనని తేల్చేసింది. ఆ మర్నాడు బాలింత గుడ్డల మూట రేవుకు వచ్చింది, కొడుకే తెచ్చి తొట్టి దగ్గర పెట్టి పోయాడు. ఉతికేవాళ్ళకు ఒక మర్యాద ఉంది. బాలింత గుడ్డల్ని రేవులో విప్పి దులపరు. పదిమంది తిరిగే చోటు, అది ఒక ఆడదాని మరుగు. కట్టిన మూట కట్టినట్టే చన్నీళ్ళలో నానేసి, మడత మడతగానే బండకేసి బాది, నీళ్ళు తేటగా వచ్చాకే విప్పుతారు. చిన్నప్పటినుంచి బండ పక్కన పెరిగినవాడికి అది తెలియదా?

పెద్దమ్మ మనవరాలి సంబరంలో ఉంది. పక్కబండ వాళ్ళకు బిడ్డ జుట్టు గురించి చెబుతూ బాదింది. తిప్పి బాదింది, జాడించింది. నీళ్ళు తేటపడ్డాయి. మూట కట్టిన దుప్పటి విప్పింది. లోపల గుడ్డల మధ్య చుట్టచుట్టి ఖాకీ చొక్కా, దానిలో నిక్కరు. చేతికి తగలకుండా ఇత్తడి గుండీలు ముందే ఊడదీసి పెట్టుకున్నాడు. తెల్లారి కడుక్కున్న మొహంలా శుభ్రంగా ఉన్నాయి రెండూ.

రేవులో బాదుడు చప్పుడు ఒక్కొక్క బండ దగ్గరే ఆగిపోయింది. దాస్తే దాచవచ్చు, నీళ్ళలో తొక్కితే ఎవరు చూడొచ్చారు? ఆమె దాచలేదు. ఆ చొక్కాను రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించింది. "నా చేత్తో ఉతికాను. తెలియక ఉతికాను. ఇది నా కొడుకుది" అంది. చూలింతకు ఒక న్యాయం, బాలింతకు ఒక న్యాయమా అని ఒకామె సన్నగా సాగదీసింది. పెద్దమ్మ చొక్కాను దించలేదు.

గుమాస్తా వచ్చాడు. బట్టను తిరిగి ఇవ్వవద్దన్నాడు. "పెద్దమ్మగారూ, తనిఖీలో అంతా మురికి, ఒక్క చొక్కా శుభ్రం. అది మీ వాడి ఒంటిమీద. వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి?" అన్నాడు. తనిఖీ అయ్యేదాకా దాచిపెట్టమని బతిమాలాడు. ఆమె వినలేదు. నమ్మి ఇచ్చినా దొంగతనంగా ఇచ్చినా, మన చేతిలో పడ్డ బట్ట దాని యజమానిది. దాస్తే దొంగలంటారు. గంజి పెట్టను, ఇస్త్రీ చేయను, తడిబట్టగానే ఇచ్చేస్తాను, అదే నా జవాబు అంది. అందరూ చూస్తుండగా నీళ్ళోడుతున్న ఖాకీని లైన్లకు తీసుకుపోయి కొడుకు చేతిలో పెట్టింది. వాడు కళ్ళెత్తలేదు. ఆమె బిడ్డను ఎత్తుకోకుండానే తిరిగొచ్చింది.

గుమాస్తా చెప్పిందే జరిగింది. ముడతలు పడితేనేం, తనిఖీలో కొడుకు చొక్కా ఒక్కటే మెరిసింది. పెద్ద దొర వాడి భుజం తట్టాడు. సాయంత్రానికి డప్పు వేసి ఊరంతా చాటించారు. రేవు పెద్దమ్మ సర్కారు బట్టలు ఉతకడం మొదలుపెట్టింది, బుద్ధి ఉన్నవాళ్ళు ఆమె దారిలో నడవండి అని. మర్నాడు రెండు ఇళ్ళవాళ్ళు లైన్లకు పోయి మూటలు ఎత్తుకున్నారు. వాళ్ళనేం అనగలం? పెద్దమ్మే ఉతికిందిగా, మాకేం పట్టిందన్నారు. ఇస్త్రీకి తెల్ల చొక్కాలిచ్చే ఇళ్ళు కొన్ని ఆ వారం ఇవ్వలేదు. తలకు కట్టుతోనే తిరుగుతున్న పంతులు మాత్రం ఎప్పటిలాగే తెచ్చి ఇచ్చాడు, డప్పు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ రోజు ఆమె గుమాస్తాను పిలిపించింది. నువ్వు చెప్పింది నిజం, నేను చేసింది తప్పు అంది. అతను మంచివాడు, ఇప్పుడేం చేద్దామన్నాడే తప్ప ఎత్తిపొడవలేదు. మేం ఊళ్ళో తిరిగి చెబుతామన్నాడు. "నువ్వు చెబితే నీ పక్షం వాళ్ళు నమ్ముతారు. నేను చెబితే బొంకుతోందంటారు. చొక్కా వేసుకున్నవాడు చెప్పాలి బాబూ" అంది.

లైన్లలో కొడుకు గది ఒక మంచం, ఒక పెట్టె, ఒక ఉయ్యాల పట్టేంత. ఆమె వెళ్ళేసరికి కోడలు గోడవైపు తిరిగి పాలిస్తోంది. కొడుకు గుమ్మంలో కూర్చుని ఇత్తడి గుండీలు తోముతున్నాడు. పలకరింపులు లేవు.

"చెప్పమని అడగడానికి వచ్చాను" అంది పెద్దమ్మ. "నేను ఉతకలేదని కాదు, ఉతికానుగా. మా అమ్మను మోసం చేసి ఉతికించానని, ఆ మాట నీ నోటితో, ఆ వరుస ముందు."

"చెబితే ఆ పూటే తరిమేస్తారు."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలియకపోతే అడిగేదాన్ని కాదురా."

కోడలు అటు తిరిగే ఉంది. "అత్తయ్యా, మీ మాట కోసం నా బిడ్డ వీధిలో పడుకోవాలా?" అని అడిగింది. కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. నా మాట ఒక్కటే అయితే మింగేసేదాన్ని తల్లీ, నన్ను చూసి పొయ్యి ఆర్పుకున్నవాళ్ళు అంతమంది ఉన్నారంది పెద్దమ్మ. బిడ్డ వీధిలో పడుకోదు, నా గదిలో పడుకుంటుంది, కాకపోతే తాళ్ళ కింద అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

కొడుకు చాలాసేపు ఆ గుండీని అక్కడక్కడే తోమాడు. తర్వాత మెల్లగా, పంతులు చొక్కా ఆ రోజు నీ దగ్గరికే వచ్చిందా అని అడిగాడు. వచ్చిందంది. మరక పోయిందా అన్నాడు. పూర్తిగా పోలేదంది. ఆమె లేచి, కోడలు ఇవ్వకపోయినా అడిగి బిడ్డను ఒకసారి ఎత్తుకుని, ఇచ్చేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె రేవుకు దిగలేదు. దిగకపోవడం చూసి జ్వరమనుకున్నారు. బల్ల ముందు నిలబడి, ఇస్త్రీ చేసిన దుప్పటినే మళ్ళీ ఇస్త్రీ చేసింది. కబురు టముకు తెచ్చింది. ఎప్పుడూ మెట్ల కిందనుంచే అరుచుకుంటూ వచ్చే మనిషి ఆ రోజు పైకొచ్చి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా చెప్పింది. పొద్దుటి వరుసలో కొడుకు తన పాత మురికి చొక్కా వేసుకుని నిలబడ్డాడట. శుభ్రమైన చొక్కా ఏదని లైన్ల దొర అడిగాడట. అది మా అమ్మ ఉతికిచ్చింది కాదు, బాలింత గుడ్డల్లో దాచి నేను మోసం చేశాను, ఆమె ఖాకీ ఉతకదు అని చెప్పాడట. అంతే. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదట. రెండోసారి అడిగితే రెండోసారీ అదే చెప్పాడట. వెనక వరుసలో ఒకడు నవ్వాడట, వీడితోపాటు వాడికీ దెబ్బ పడిందట. గది ఖాళీ చేయిస్తున్నారు వదినా, మంచం మోయడానికి మనిషి కావాలి అంది.

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె దించి చెప్పులు వేసుకుంది. మనిషి ఎందుకు, మనిద్దరం లేమా అంది.

మంచం ఆ ఇద్దరే మోసుకొచ్చారు. దారిలో గుమ్మాల్లో నిలబడి చూసినవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఆ రెండు ఇళ్ళవాళ్ళు ఆ సాయంత్రమే ఖాకీ మూటలు తీసుకుపోయి లైన్ల గుమ్మంలో పెట్టి, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చారు. మళ్ళీ డప్పు వేయలేదు. ఏమని వేస్తారు?

పరాయి దొరలు ఆ ఏడు పోలేదు, ఆ మరుసటి ఏడూ పోలేదు. పంతులును ఇంకో రెండుసార్లు జైల్లో పెట్టారు. లైన్ల దొర దూరపు ఊరినుంచి ఉతికేవాళ్ళను తెప్పించుకున్నాడు, వాళ్ళు కొన్నాళ్ళు చేసి సంగతి తెలుసుకుని వెళ్ళిపోయారు. చొక్కాల మురికితో రాజ్యాలు పోతాయని పెద్దమ్మ ఎన్నడూ అనలేదు. అన్నవాళ్ళను కూర్చోమని, ముందు ఒక దుప్పటి పిండి చూపించమనేది.

కొడుకు ఇస్త్రీ గదిలో కాపురం పెట్టాడు. కోడలు అత్తతో మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. తన బట్టలు, బిడ్డ బట్టలు తనే విడిగా ఉతుక్కునేది. పెద్దమ్మ అందుకు ఏమీ అనేది కాదు. అనడానికి నాకేం హక్కుందని టముకుతో ఒకసారి అంది, అది మాత్రం టముకు ఎవరికీ చెప్పలేదు.

వచ్చిన రెండో రోజే కొడుకు రేవుకు దిగాడు. లాఠీ అలవాటు పోలేదో ఏమో, బట్టను బండకేసి బాదుతుంటే నీళ్ళు అవతలి గట్టుకు పడుతున్నాయి. పక్కబండల వాళ్ళు తలెత్తి చూశారు గానీ నోరెత్తలేదు. పెద్దమ్మ కాసేపు ఓర్చుకుంది. తర్వాత తన బండ వదిలి వాడి పక్కకు వచ్చింది.

"అది పంతులు చొక్కా. మెల్లగా బాదు" అంది.

వాడు చెయ్యి ఆపాడు. చొక్కా మడత విప్పి, మెడ దగ్గర ఇంకా మిగిలిన ఆ పాత మచ్చను చూశాడు. బండ మీద పరిచి, వేళ్ళతో రుద్దడం మొదలుపెట్టాడు. అది ఇక పోదని ఆమెకు తెలుసు. చెప్పలేదు. తన బండ దగ్గరికి వెళ్ళి పని చూసుకుంది.